ఎన్‌ఎఫ్‌ఎల్ కార్డు మీద ఆటగాడి సంతకం పోస్టులో తెప్పించుకోవడం ఎలా?

అమెరికాలో పెరిగే మన పిల్లల్లో చాలామంది ఏదో ఒక వయసులో పోకెమాన్ కార్డులు పక్కన పెట్టి ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల్లో పడతారు. వాళ్లతో పాటు నాన్నలూ పడతారు. కొన్నాళ్లకు సంతకం ఉన్న కార్డు కావాలనిపిస్తుంది. ప్యాకెట్లలో వచ్చే ఆటోగ్రాఫ్ కార్డు కోసం బాక్సులకు బాక్సులు కొంటూ పోతే డబ్బులు అయిపోతాయి తప్ప కావలసిన ఆటగాడి సంతకం దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. దానికంటే ఎంతో చవకైన దారి ఇంకొకటి ఉంది. కార్డు, ఒక ఉత్తరం, మీ అడ్రస్ రాసి స్టాంపు అంటించిన ఖాళీ కవరు, ఈ మూడూ కలిపి నేరుగా ఆటగాడికే పోస్టు చేయాలి. మనసైతే ఆయన సంతకం పెట్టి అదే కవర్లో తిరిగి పంపుతాడు. ఇక్కడి కలెక్టర్లు దీన్ని ‘త్రూ ద మెయిల్’ అంటారు, పొట్టిగా టీటీఎం.

2025 జూలైలో అమెరికాలో ఒక ఔన్సు ఉత్తరానికి స్టాంపు 78 సెంట్లు అయింది. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. రెండు కవర్లు, ఒక కాగితం, పావు డాలరు పెట్టి కొన్న కార్డు కలిపినా ఆ రేటుకి రెండు డాలర్లు దాటదు. ఈ పనిలో అసలు ఖర్చు ఓపిక. అందరూ జవాబివ్వరు. ఇచ్చేవాళ్లలో కొందరు రెండు వారాల్లో పంపుతారు, కొందరు రెండేళ్లు తీసుకుంటారు. ఆ తేడా భరించగలిగితే ఇంట్లో పిల్లలతో కలిసి చేయడానికి ఇంతకంటే మంచి హాబీ నాకు కనపడలేదు.

ముందు, ఎవరికి రాయాలి?

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరూ చేసే పని ప్యాట్రిక్ మహోమ్స్‌కి రాయడం. రాయొద్దని అనను, పిల్లలు ఆశపడతారు. కానీ ఆయనలా పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడికి, ఉత్తరాలు మూటల్లో వస్తాయి. వాటిలో మీ కవరు ఆయన చేతిదాకా వెళ్లే అవకాశం చాలా తక్కువ. చాలా టీముల ఆఫీసులు అలాంటి వాళ్ల తరఫున సంతకం అచ్చేసిన ఫొటో ఒకటి పంపి సరిపెడతాయి.

నా సలహా ఏమిటంటే, బంతి పట్టుకుని పరుగెత్తని వాళ్లకు రాయండి. ముందు వరసలో నిలబడే సెంటర్, గార్డ్, ట్యాకిల్, వీళ్లనే లైన్‌మెన్ అంటారు. లేకపోతే బంతిని కాలితో తన్నే పంటర్, కిక్కర్, వాళ్ల కోసం బంతిని వెనక్కి విసిరే లాంగ్ స్నాపర్. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటానికి ప్రతి ప్లేలో మూడు వందల పౌండ్ల మనిషిని ఢీకొట్టేది ఆ ముందు వరసలోని ఐదుగురే. టీవీలో వాళ్ల పేరు వినిపించేది ఎక్కువగా తప్పు చేసినప్పుడే. అలాంటి ఆటగాడికి ఎవరో ఒక పిల్లాడు ‘నీ ఆట నేను చూశాను’ అని రాస్తే ఆ ఉత్తరం తప్పకుండా చదువుతాడు. ‘నాన్నా, లైన్‌మ్యాన్ సంతకం ఎవరిక్కావాలి?’ అని పిల్లలు అడుగుతారు. ఒక్క జవాబు వచ్చాక ఆ ప్రశ్న మళ్లీ అడగరు.

పంటర్లను తక్కువగా చూడకండి. ఆక్లాండ్ రెయిడర్స్‌కి ఆడిన రే గై 2014లో, గొప్ప ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరేదాకా, కేవలం పంటర్‌గా ఆడిన ఏ ఒక్కరికీ ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని ఆ భవనంలో చోటు దక్కలేదు. ఆ హాల్ తెరిచింది 1963లో. ఆ పొజిషన్‌కి గుర్తింపు ఎంత ఆలస్యంగా వచ్చిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రిటైరైన ఆటగాళ్లు ఇంకా మంచి ఎంపిక. 1980లు, 90ల్లో ఆడిన వాళ్లకు ఇప్పుడు తీరిక ఉంటుంది, తమను గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం కూడా ఉంటుంది. సంతకాలు కూడా చూడముచ్చటగా ఉంటాయి. పాతతరం వాళ్లు పేరులోని ప్రతి అక్షరం కనిపించేలా రాస్తారు, పక్కన జెర్సీ నంబరు వేస్తారు. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లయితే చేరిన సంవత్సరం కూడా రాస్తారు. ఇప్పటి కుర్రాళ్లలో చాలామందివి రెండు గీతలు, ఒక సున్నా.

మన పిల్లలకు నచ్చే ఇంకో దారి, భారతీయ మూలాలున్న ఆటగాళ్ల కార్డులు వెతకడం. అలాంటి వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బ్రాండన్ చిల్లర్ వాళ్లలో ఒకడు, తండ్రి వైపు నుంచి భారతీయుడు. యూసీఎల్‌ఏలో చదివాడు. 2004 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, సెయింట్ లూయిస్ ర్యామ్స్ తీసుకుంది, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్‌కి లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. 2004 నాటి అతని రూకీ కార్డులు, అంటే లీగ్‌లో చేరిన మొదటి ఏడాది కార్డులు, ఇప్పటికీ కొద్ది డబ్బుకే దొరుకుతాయి.

కార్డు ఎంచుకోవడం, సిద్ధం చేయడం

మొదటి నియమం: పోతే ఏడ్చే కార్డు పంపొద్దు. పోస్టులో పోవచ్చు, మూల వంగిపోవచ్చు, ఆటగాడి లాకర్లో ఏళ్ల తరబడి పడి ఉండవచ్చు. టాప్స్ కంపెనీ 1986లో వేసిన జెర్రీ రైస్ రూకీ కార్డు లాంటి విలువైనది మీ దగ్గరుంటే అది ఇంట్లోనే ఉండాలి.

టీటీఎంకి కావలసింది చవక కార్డులు. అందుకు 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన కార్డులకు మించినవి లేవు. ఆ రోజుల్లో కంపెనీలు లెక్కాపత్రం లేకుండా ముద్రించి పారేశాయి. అందుకే ఆ కాలాన్ని కలెక్టర్లు ‘జంక్ వ్యాక్స్’ అంటారు. పెట్టుబడి అనుకుని దాచుకున్న వాళ్లు నష్టపోయారు గానీ, మనకు అది వరం. 1989లో ప్రో సెట్, స్కోర్ కంపెనీలు ఫుట్‌బాల్ కార్డుల్లోకి దిగాయి. పెద్ద పెద్ద సెట్లు వేయాల్సి రావడంతో అంతకుముందు ఎవరూ పట్టించుకోని లైన్‌మెన్‌కి కూడా కార్డులు వచ్చాయి. కార్డ్ షోలలో బల్లల కింద అట్టపెట్టెల్లో, గ్యారేజ్ సేల్స్‌లో ఇవి దండిగా దొరుకుతాయి.

ఇంకో లాభం, టాప్స్ 1980ల కార్డులు మామూలు అట్ట మీద అచ్చయినవి. సిరా చక్కగా పీల్చుకుంటాయి. ఇప్పటి కార్డులు అలా కాదు, పైన మెరుపు పూత ఉంటుంది. షార్పీ మార్కర్ పెన్నుతో రాస్తే సిరా పట్టుకోకుండా చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, గీత మధ్యలో తెల్లటి గ్యాపులు వస్తాయి. టాప్స్ క్రోమ్, పానీనీ ప్రిజం లాంటి అద్దంలా మెరిసే కార్డులతో ఈ గొడవ ఇంకా ఎక్కువ. దీనికి కలెక్టర్లు చేసే పని ఇది: దూదికి కొంచెం బేబీ పౌడరు అద్ది కార్డు ముందువైపు మెల్లగా గుండ్రంగా రుద్దాలి. అర నిమిషం చాలు. తర్వాత మెత్తని పొడిబట్టతో పౌడరు ఏమాత్రం మిగలకుండా తుడిచేయాలి. పైనున్న జిడ్డులాంటి పొర పోయి సిరా నిలబడుతుంది. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. ముందు పనికిరాని కార్డు ఒకటి తీసుకుని రుద్ది, మీరే షార్పీతో గీత గీసి చూడండి. గీత ఒకే మందంలో, ఆగకుండా సాగితే అసలు కార్డు తీయవచ్చు. 90ల నాటి టాప్స్ ఫైనెస్ట్ కార్డుల్లో కొన్నిటికి పైన పారదర్శకమైన రక్షణ పొర అంటించి ఉంటుంది. అది తీయకుండా పంపితే సంతకం పొర మీద పడుతుంది, కార్డు మీద కాదు.

రంగు కూడా చూసుకోవాలి. ఆటగాళ్ల చేతిలో సాధారణంగా ఉండేది నీలం లేదా నల్ల షార్పీ. నల్ల జెర్సీ, చీకటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న కార్డు మీద అవి కనిపించవు. ఆకాశం, తెల్ల జెర్సీ, పచ్చిక లాంటి లేత భాగం ఎక్కువున్న ఫొటో ఎంచుకోండి. కార్డు మీద ముందే అచ్చు సంతకం ఉంటే అది కూడా వద్దు, అసలు సంతకం దాని మీద పడి రెండూ పాడవుతాయి.

ఎన్ని పంపాలి? ఒకటి లేదా రెండు. మూడు దాటితే అమ్ముకోవడానికి అనుకుంటారు, ఆ అనుమానం న్యాయమే. ఆ ఆటగాడికి కార్డే లేకపోతే 3×5 అంగుళాల తెల్ల ఇండెక్స్ కార్డు పంపవచ్చు. చిన్నపిల్లలుంటే ఇంకా మంచిది, వాళ్ల చేత బొమ్మ గీయించండి. జెర్సీ నంబరు సరిగ్గా ఉంటే చాలు, ముక్కు వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

ఉత్తరం

చాలామంది కార్డు మీద, కవరు మీద శ్రద్ధ పెట్టి ఉత్తరం దగ్గర నాలుగు లైన్లు ప్రింటు తీసి పడేస్తారు. నా లెక్కలో సంతకం తెచ్చేది ఉత్తరమే. ఒకే పేజీ, చేత్తో రాసినది, నీట్‌గా. ఇంగ్లీషులోనే రాస్తాం కాబట్టి భాష గొప్పగా ఉండనక్కర్లేదు, మీరు రాసినట్టే ఉండాలి.

మొదట మీరెవరో, ఎక్కడుంటారో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత ఆ ఆటగాడి గురించి ఒక్క నిర్దిష్టమైన విషయం రాయండి. అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ‘మీరు నా అభిమాన ఆటగాడు’ అన్న వాక్యం పేరు మార్చి ఎవరికైనా పంపవచ్చు, ఆ సంగతి చదివేవాడికి వెంటనే అర్థమవుతుంది. దాని బదులు, ‘ఆదివారం మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌లో మీరు ఎడమవైపు వేసిన బ్లాక్ వల్లే టచ్‌డౌన్ వచ్చింది. టీవీలో అందరూ బంతి పట్టుకున్నవాడినే చూపించారు. మేము రికార్డింగ్ వెనక్కి తిప్పి మిమ్మల్ని చూశాం’ అని రాశారనుకోండి. ఇలాంటి ఉత్తరం ఒక గార్డుకి ఎంతమంది రాసి ఉంటారు? దీని కోసం మీరు నిజంగా ఆ మ్యాచ్ చూడాలి, అందులో ఆ ఒక్కడిని గమనించాలి. ఆ కాస్త కష్టం పడాల్సిందే. రిటైరైన వాళ్లకైతే పాత మ్యాచ్ ఒకటి వెతికి చూడండి, లేదా ఆట మానేశాక ఆయన చేస్తున్న కోచింగ్ గురించో, ఫౌండేషన్ గురించో చదివి రాయండి.

చివరిగా అడగవలసింది సూటిగా అడగండి: ‘వీలైతే ఈ రెండు కార్డుల మీద సంతకం చేస్తారా? కుదరకపోయినా ఉత్తరం చదివినందుకు థాంక్స్.’ ఏ రంగు పెన్నుతో చేయాలి, ఎక్కడ చేయాలి అని షరతులు పెట్టకండి.

అబద్ధాలు రాయకండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని, చావు బతుకుల్లో ఉన్నారని రాసేవాళ్లు ఉన్నారు. నలభై ఏళ్ల మనిషి ఎనిమిదేళ్ల పిల్లాడి దస్తూరిలో రాసే ఉత్తరాలూ ఉన్నాయి. అలాంటివి చూసి చూసి సంతకాలే మానేసే ఆటగాళ్లుంటారు, అప్పుడు నష్టపోయేది నిజంగా రాసే పిల్లలు. పిల్లల కోసమైతే వాళ్లనే రాయనివ్వండి, స్పెల్లింగులు దిద్దకండి.

పేరు రాసి సంతకం చేయమని, అంటే ‘టు ఫలానా’ అని వేయమని అడగాలా? అమ్ముకునే ఉద్దేశం ఉంటే పేరు పడితే ధర తగ్గుతుంది. కానీ ఆటగాడి వైపు నుంచి చూస్తే, పేరు అడిగినవాడు అమ్ముకోడని నమ్మకం కలుగుతుంది, జవాబొచ్చే అవకాశం పెరుగుతుంది. నేనైతే అడగమనే అంటాను. ఇక్కడ మనవాళ్లకు ఒక జాగ్రత్త. మన పేర్లు పొడవు, వాళ్లకు కొత్త. చిన్న పసుపు స్టికీ నోట్ మీద పెద్ద అక్షరాల్లో పేరు రాసి కార్డు వెనక అంటించండి. వెంకట సాయి కార్తికేయ అని మొత్తం రాస్తే కార్డు మీద ఆటగాడి పేరుకి చోటుండదు. కార్తీ అని రాస్తే సరిపోతుంది.

కవర్లు, స్టాంపులు, బరువు

నంబర్ 10 అని అమ్మే పొడవాటి ఆఫీసు కవర్లు రెండు తీసుకోండి. ఒకదాని మీద మీ పేరు, అడ్రస్ రాసి స్టాంపు అంటించండి. దీన్ని మూడు మడతలు పెట్టి రెండోదాంట్లో పెట్టాలి. తిరుగు కవరు మీద పంపేవారి అడ్రస్ ఉండే ఎడమ మూలలో కూడా మీ అడ్రస్సే రాయండి, ఎటు తిరిగినా మీ ఇంటికే చేరుతుంది. ఆ కవరు మూత లోపలివైపు పెన్సిల్‌తో ఆటగాడి పేరు చిన్నగా రాసి ఉంచండి. ఏడాది తర్వాత అర్థం కాని గిలుకుడు సంతకంతో ఇండెక్స్ కార్డు తిరిగొస్తే అదెవరిదో చెప్పేది ఆ పెన్సిల్ రాతే.

స్టాంపు తప్పకుండా ‘ఫరెవర్’ స్టాంపే అయి ఉండాలి. 2007లో మొదలైన ఈ స్టాంపుల మీద ధర అచ్చేసి ఉండదు, కొన్నాక రేటు ఎంత పెరిగినా ఒక ఔన్సు ఉత్తరానికి చెల్లుతాయి. మీ తిరుగు కవరు ఎన్నాళ్లకు బయల్దేరుతుందో తెలియని ఈ పనిలో ఇది చాలా ముఖ్యం. ధర ముద్రించి ఉన్న పాత స్టాంపు వేస్తే రెండేళ్ల తర్వాత పైసలు చాలక ఎక్కడో ఆగిపోతుంది.

కార్డులను సన్నని ప్లాస్టిక్ పెన్నీ స్లీవ్‌లో పెట్టి, కార్డు కంటే కొంచెం పెద్దగా కత్తిరించిన సీరియల్ డబ్బా అట్టముక్క ఒకటి వెనక పెట్టండి. టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు పెట్టొద్దు. కవరు వంగకపోతే పోస్టాఫీసు సార్టింగ్ మెషిన్‌లో పోదు, దానికి అదనపు చార్జీ పడుతుంది, మందం పావు అంగుళం దాటితే అసలు ఉత్తరం రేటే వర్తించదు. పెన్ను పెట్టి పంపడం కూడా ఇందుకే వద్దు, మెషిన్‌లో ఇరుక్కుని కవరు చిరుగుతుంది. కార్డులకు సెల్లోటేపు అంటించడం వద్దు. కవరు తెరిచినవాడు నాలుగు సెకన్లలో కార్డు బయటికి తీయగలగాలి.

బరువు ఒకసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద చూసుకోండి. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిలుకు. రెండు పొడవు కవర్లు, ఒక కాగితం, రెండు కార్డులు, అట్టముక్క కలిపితే దాదాపు ఆ గీత దగ్గరికే వస్తుంది. దాటితే బయటి కవరుకి రెండో ఔన్సు కింద అదనపు స్టాంపు వేయాలి, 2025 జూలై రేటు ప్రకారం అది 29 సెంట్లు. తిరుగు కవరులో ఒక కవరు తగ్గుతుంది కాబట్టి దానికి ఒక స్టాంపు చాలు.

ఇండియా నుంచి పంపాలనుకునే వాళ్లకు ఒక మాట. తిరుగు కవరుకి అమెరికా స్టాంపే కావాలి, పైగా అమెరికా నుంచి విదేశాలకు వెళ్లే మామూలు ఉత్తరంలో వస్తువులు పెట్టడానికి అమెరికా పోస్టాఫీసు ఒప్పుకోదు, కార్డు వస్తువు కిందికే వస్తుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో, మేనమామో ఉంటే వాళ్ల అడ్రస్‌తో పంపించుకుని, ఎవరైనా ఊరికి వచ్చేటప్పుడు తెప్పించుకోవడమే సులభం.

అడ్రస్ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు ఆడుతున్న వాళ్లకు టీము అడ్రస్ వాడండి. ఆటగాడి పేరు, కింద ‘కేరాఫ్’ అని టీము పేరు, అడ్రస్. ఉదాహరణకు ప్యాకర్స్ ఆటగాడికైతే 1265 లొంబార్డి అవెన్యూ, గ్రీన్ బే, విస్కాన్సిన్ 54304. డాలస్ కౌబాయ్స్‌కైతే 1 కౌబాయ్స్ వే, ఫ్రిస్కో, టెక్సస్ 75034. ఫ్రిస్కోలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ రెండో అడ్రస్ రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలోదే కావచ్చు. అయినా పోస్టులోనే పంపండి, గేటు దగ్గర సెక్యూరిటీ చేతిలో పెట్టిన కవరు ఎటు పోతుందో తెలియదు.

కాలేజీ ఆటగాళ్లకు యూనివర్సిటీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ అడ్రస్ పనిచేస్తుంది. డ్రాఫ్ట్‌లో పెద్ద పేరు రాకముందే రాస్తే జవాబొచ్చే అవకాశం బాగా ఎక్కువ.

రిటైరైన వాళ్ల విషయంలో ఒక గీత గీసుకోవాలి. ఇంటి అడ్రస్‌ల జాబితాలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి, కొందరు అమ్ముతారు కూడా. ఆయన తనంతట తాను బయటపెట్టని ఇంటి అడ్రస్‌కి రాయకండి. దానికి బదులు ఆయన ఫౌండేషన్, నడిపే వ్యాపారం, కోచింగ్ చేసే స్కూలు, ఏజెంటు ఆఫీసు, లేదా ఫ్యాన్ మెయిల్ కోసం ప్రకటించిన పోస్టు బాక్సు చూడండి. పాత టీముల పూర్వ ఆటగాళ్ల విభాగానికి రాస్తే కొన్నిసార్లు వాళ్లే పంపుతారు.

కొందరు పేరున్నవాళ్లు ఫీజు తీసుకుంటారు, ఆ డబ్బు చాలాసార్లు ఏదో చారిటీకి వెళ్తుంది. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో రేటు ఉంటే అక్కడ చెప్పినట్టే చెక్కు లేదా మనీ ఆర్డర్ పంపండి. నోట్లు కవర్లో పెట్టకండి. ‘ఫలానా ఆటగాడి సంతకం నేను చేయించి పెడతాను’ అని ముందే డబ్బు అడిగే ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గరికి పోకండి.

ఎప్పుడు వేయాలి?

ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అయిపోతే టీము బిల్డింగులు ఖాళీ అవుతాయి. మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసినవాళ్లు వేరే టీము చూసుకునే సమయం, మొదలై చాలామంది టీములు మారతారు, పాత టీముకి వేసిన కవరు దారి తప్పుతుంది. ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్. అది అయ్యాక మే, జూన్ నెలలు బాగా కలిసొస్తాయి. ఆటగాళ్లు ప్రాక్టీసుకి వస్తుంటారు, మ్యాచ్‌ల టెన్షన్ ఉండదు, రూకీలకు తమకు ఉత్తరం రావడమే కొత్త.

జూలై చివర మొదలయ్యే ట్రైనింగ్ క్యాంపు కూడా మంచి సమయమే, కానీ ఖాయంగా టీములో ఉండేవాళ్లకే. క్యాంపులో ఒక్కో టీముకి 90 మంది దాకా ఉంటారు, ఆగస్టు చివరికి వాళ్లను 53కి తగ్గిస్తారు. ఆ అంచున ఉన్నవాడికి ఆగస్టులో రాసి ప్రయోజనం లేదు, మీ ఉత్తరం చేరేలోపు అతని లాకరే ఉండకపోవచ్చు. సెప్టెంబర్ నుంచి సీజన్ మధ్యలో వేసినవి పేరుకుపోతాయి. రిటైరైన వాళ్లకు ఈ గొడవ లేదు, ఎప్పుడైనా రాయవచ్చు.

పోస్టు చేశాక

ఒక నోటుబుక్కో, ఎక్సెల్ షీటో పెట్టుకోండి. ఎవరికి, ఏ అడ్రస్‌కి, ఏ తేదీన, ఏ కార్డులు పంపారు, ఎప్పుడు వచ్చాయి, ఏమొచ్చింది. కొన్నాళ్లకు ఏ టీము ఆఫీసు ఉత్తరాలు సరిగ్గా అందిస్తుందో మీకే ఒక అంచనా వస్తుంది. ‘రిటర్న్ టు సెండర్’ అని పసుపు స్టిక్కరుతో వెనక్కి వస్తే నిరాశ పడక్కర్లేదు, కార్డూ స్టాంపూ మిగిలాయి, సరైన అడ్రస్ వెతికి మళ్లీ వేయండి. సంతకం లేకుండా కార్డు మాత్రమే తిరిగొచ్చినా ఫర్వాలేదు. అదే మనిషికి నెల తిరక్కుండా మళ్లీ మళ్లీ రాయడం మాత్రం మర్యాద కాదు. కనీసం ఏడాది ఆగండి.

అమెరికా పోస్టల్ శాఖ ‘ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ’ అని ఒక ఉచిత సర్వీసు ఇస్తుంది. ఆ రోజు మీ ఇంటికి రాబోయే కవర్ల ముందువైపు ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్‌లో పంపుతుంది. ఇది పెట్టుకోండి. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు కాగితాల మధ్య మీ దస్తూరితోనే మీ అడ్రస్ రాసిన కవరు కనిపించిందంటే, ఎక్కడినుంచో ఒక జవాబు వచ్చినట్టే. పిల్లలు ఆ రోజు స్కూలు బస్సు దిగి ముందు వెళ్లేది మెయిల్ బాక్సు దగ్గరికే.

కవరు కత్తెరతో పొట్టి అంచు వైపు నుంచి కత్తిరించండి, పొడవు వైపు కత్తిరిస్తే కార్డు అంచు తెగుతుంది. పోస్ట్‌మార్క్ ఉన్న ఆ కవరు పారేయకండి, ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

సంతకం అసలైందేనా?

తిరిగొచ్చిన ప్రతి సంతకం ఆటగాడు చేసిందే అనుకోవద్దు. మూడు రకాలు తేడాగా వస్తాయి. ఒకటి రబ్బరు స్టాంపు: గీత మందం అంతటా ఒకేలా ఉంటుంది, అంచుల దగ్గర సిరా గట్టుకట్టినట్టు కనిపిస్తుంది. రెండోది ఆటోపెన్, అంటే పెన్ను పట్టుకుని రాసే మెషిన్. చేత్తో చేసిన రెండు సంతకాలు ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఉండవు. రెండు కార్డులు పంపి ఉంటే రెండింటినీ ఫోన్‌లో స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. వంపు వంపూ కలిసిపోతే అది మెషిన్ పని. మూడోది వేరే మనిషి, ఆఫీసు వాళ్లో ఇంట్లో వాళ్లో, ఆయన బదులు చేయడం. ఇది పట్టుకోవడమే కష్టం.

పోల్చుకోవడానికి మంచి ఆధారం కంపెనీలు ప్యాకెట్లలో పెట్టి అమ్మిన సర్టిఫైడ్ ఆటోగ్రాఫ్ కార్డులు. వాటి వెనక ఈ సంతకం ఆటగాడిదేనని కంపెనీ హామీ అచ్చేసి ఉంటుంది. వాటి ఫొటోలు వెతికి మొదటి అక్షరం ఎక్కడ మొదలైంది, పెన్ను ఎక్కడ ఎత్తాడు, అక్షరాల వాలు ఎటు అన్నది చూడండి. అక్షరం ఆకారం కన్నా చేతి వేగం ముఖ్యం. అసలు సంతకం చివర్లో గీత సన్నబడి గాల్లోకి లేస్తుంది, నకలు కొట్టినది నెమ్మదిగా సాగి చివర మొద్దుగా ఆగుతుంది.

పీఎస్ఏ, బెకెట్, జేఎస్ఏ లాంటి సంస్థలు ఫీజు తీసుకుని సంతకం పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. హాల్ ఆఫ్ ఫేమ్ స్థాయి ఆటగాడైతే అది ఆలోచించవచ్చు. పావు డాలరు కార్డు మీద గార్డు సంతకానికి అనవసరం. మీ నోటుబుక్కు, పోస్ట్‌మార్క్ ఉన్న కవరు చాలు.

దాచుకోవడం

సిరా ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాతే కొత్త పెన్నీ స్లీవ్‌లో, ఆపైన టాప్‌లోడర్‌లో పెట్టాలి. తడి మీద పెడితే సిరా ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. ఫ్రేము కట్టి గోడకు పెట్టాలనిపిస్తే ఎండ తగలని గోడ చూసుకోండి, కిటికీ ఎదురుగా పెట్టిన షార్పీ సంతకం కొన్నేళ్లలో వెలిసిపోతుంది. ఎండ, తేమ రెండూ తగలని అల్మారా అరలో, కార్డుల డబ్బాలో నిలబెట్టి ఉంచడం అన్నిటికంటే మేలు. ఆటగాడు లోపల ఏదైనా చీటీ రాసి పెడితే దాన్ని కూడా కార్డుతోనే ఉంచండి. లైన్‌మెన్ అలాంటి చీటీలు రాస్తారు.

ఆపైన థాంక్స్ చెబుతూ ఒక పోస్టుకార్డు వేయండి. ఈసారి తిరుగు కవరు పెట్టకండి, ఇంకేమీ అడగకండి.